ఆయిల్ ముల్లు పడిపోయిన వేసవి

ఇది ఒక మహాగాథ. ఇందులో ఒక వంశం ఉంది, ఒక రథం ఉంది, ఆ రథానికి గండం ఉంది, గండాన్ని ముందే చెప్పాల్సిన మూడు ఎర్ర దీపాలు ఉన్నాయి. తండ్రీకొడుకులు కలిసి చేసిన పాపం ఒకటుంది. రక్తం కూడా కారుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు కాస్త గోడకు ఆనుకుని కూర్చోవాలి.

కూర్చున్నారా? సరే, ఇప్పుడు నిజం చెప్తాను. వంశం అంటే పద్మారావు నగర్‌లో పైపులూ కుళాయిలూ అమ్మే మా ఇల్లు. రథం అంటే మా షాపు పాత పికప్ బండి. దాని డ్యాష్‌బోర్డు మీది హెచ్చరిక లైట్లు తీసేసి, వాటి చోట ముల్లు తిరిగే మీటర్లు బిగించాం. అంతే కథ. రక్తం నా ఎడమ బొటనవేలిది, రెండు చుక్కలు. అయినా ఆ వేసవిలో మూడు వారాలపాటు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదన్నది మాత్రం అబద్ధం కాదు. నేను తిన్నాను. రుచి తెలియలేదు, అంతే.

బండి నాకన్నా ఏడేళ్లు చిన్నది, కానీ పక్కపక్కన నిలబెడితే మా తాతలా ఉంటుంది. ఎడమ తలుపు లోపల్నుంచి తెరుచుకోదు. ఆ సీట్లో ఎక్కినవాడు దిగాలంటే నాన్న దయ తలచి చుట్టూ తిరిగి వచ్చి తీయాలి. హారన్ మోగుతుంది గానీ స్టీరింగ్ కుడికి తిప్పినప్పుడు మాత్రమే. ఎడమ వైపు అడ్డం వచ్చినవాళ్లను నాన్న కిటికీలోంచి నోటితో పిలుస్తాడు.

ఈ బండి నాన్నకు ఎందుకు కావాలో చెప్పాలంటే ముందు మా షాపు గురించి చెప్పాలి. కుళాయిల షాపుకు సంతోషంగా ఎవరూ రారు. వచ్చిన ప్రతివాడి ఇంట్లో ఏదో ఒకటి కారుతూ ఉంటుంది. పైనుంచి కారుతుంది, గోడలోంచి కారుతుంది, పక్కవాటా వాళ్లది మన బెడ్‌రూంలోకి కారుతుంది. నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి పాతికేళ్లుగా ఈ కారడాలు వింటున్నాడు. వాటి నుంచి ఆయనకు దొరికే విడుదల ఒక్కటే. పొద్దున తొమ్మిదిన్నరకు పైపులు వేసుకుని బండి తీస్తాడు. మల్కాజ్‌గిరి మీదుగా నేరేడ్‌మెట్, అక్కణ్నుంచి ఏ.ఎస్. రావు నగర్. కడుతున్న ఇళ్ల దగ్గర సరుకు దించి ఒంటిగంటకు వస్తాడు. ఆ మూడున్నర గంటలూ రేడియోలో పాత పాటలు, పక్క సీట్లో ఎవరూ లేకపోవడం. వెనక్కి వచ్చేటప్పటికి ఆయన ముఖం ఎక్కడో తీర్థయాత్ర చేసి వచ్చినట్టు ఉంటుంది. చేసింది మాత్రం మూడంగుళాల పైపుల డెలివరీ.

అమ్మకు ఈ బండి అంటే పడదు. కిందటేడు రైల్వే బ్రిడ్జి ఎక్కుతూ మధ్యలో ఆగిపోయింది. వెనక ఇసుక లారీ, దాని వెనక లోకం. ఆ రోజు అమ్మ ఎడమ సీట్లో ఉంది, అంటే తలుపు తెరుచుకోని సీట్లో. అందుకే ఈ ఏడాది మొదట్లోనే షరతు పెట్టింది.

"జూన్‌లో బండికి ఫిట్‌నెస్ పరీక్ష ఉంది కదా. ఈలోపు ఇంజన్ విప్పాల్సొచ్చిందంటే మాత్రం ఇంక దీన్ని అమ్మేయడమే. కొత్తది తీసుకుని డ్రైవర్ని పెట్టుకుందాం. మీరు సుబ్బరంగా షాపులో కూర్చోండి."

"అలాగేలే" అన్నాడు నాన్న. జూన్ అప్పటికి దూరంగా ఉంది. దూరంగా ఉన్న వాటికి నాన్న అన్నిటికీ అలాగే అంటాడు.

మార్చిలో మా పక్కనున్న టైల్స్ షాపాయన బండి మెట్టుగూడ దగ్గర పట్టేసింది. పట్టేయడం అంటే ఇంజన్‌లో నూనె తిరగక ఇనుముకు ఇనుము అతుక్కుపోవడం. ఆయన మా షాపు మెట్ల మీద కూర్చుని జరిగింది చెప్పాడు. చనిపోయినవాళ్ల ఆఖరి మాటలు చెప్పేటప్పుడు పెట్టే గొంతు పెట్టాడు.

"ఎర్ర లైటు ఎలిగింది సార్. ఇదేందిరా అని చూసిన. అంతే, అయిపోయె."

"లైటు వెలిగాక ఎంతసేపటికి?" అన్నాను.

ఆయన ఆలోచించాడు. "ఒక తుమ్మంత."

నాన్న తల ఊపి టీ తెప్పించాడు. నేను మాత్రం బయటికి వెళ్లి మా బండి ఎక్కాను. నేను ఎలక్ట్రానిక్స్ చదివాను, నాలుగేళ్లు. ఉద్యోగం ఆగస్టులో మొదలవ్వాలి. అప్పటిదాకా ఇంట్లో నాకు ఏ గౌరవమూ లేదు కాబట్టి ఈ బండి ద్వారా సంపాదించుకుందామనుకున్నాను. తాళం చెవి సగం తిప్పి, ఇంజన్ వేయకుండా ఆపాను. అలా ఆపితే డ్యాష్‌బోర్డు మీద మూడు లైట్లు వెలగాలి. ఒకటి ఆయిల్‌ది, ఒకటి వేడిది, ఒకటి బ్యాటరీది. బ్యాటరీ లైటు మీద దెబ్బ తగిలితే వేసుకునే ప్లాస్టర్ ముక్క అంటించి ఉంది. అది ఎప్పుడూ మినుకుమినుకుమంటూ కళ్లకు చిరాగ్గా ఉందని నాన్నే అంటించాడట. మిగిలిన రెండూ వెలగలేదు.

నాన్నను పిలిచాను. బల్బు ఊడదీసి ఆయన చేతిలో పెట్టాను. లోపలంతా నల్లగా ఉంది.

"ఆయిల్ లైటు ఇది. మాడిపోయింది."

"అదెప్పుడూ వెలగలేదురా. వెలగలేదంటే బాగున్నట్టే కదా అనుకున్నాను."

"ఎన్నేళ్ల నుంచి వెలగలేదు?"

నాన్న బల్బును ఇంకోసారి తిప్పి చూశాడు. ఎదురుగా అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్లుగా ఆయన తనను ఎవరో కనిపెట్టుకుని ఉన్నారనుకుని, ఆ ధీమా మీద పాటలు వింటూ నడిపాడు. అక్కడ ఎవరూ లేరు. నాకు కొంచెం జాలేసింది. తర్వాత, ఇన్నేళ్లూ బల్బు ఖర్చు మిగిలింది కదా అని కూడా అనిపించింది.

లైట్లు తీసేసి మీటర్లు పెడదామన్నది నా ఆలోచనే. ఈ వాక్యాన్ని నేను తర్వాత చాలాసార్లు వినాల్సి వచ్చింది, రకరకాల గొంతుల్లో. లైటు చివరి క్షణంలో అరుస్తుంది, మీటరైతే ముందు నుంచీ చెప్తూ వస్తుంది అని నాన్నకు వివరించాను. రాణీగంజ్ వెళ్లి మూడు మీటర్లు తెచ్చాను. నల్లటి ముఖాలు, తెల్లటి అంకెలు, నారింజ రంగు ముళ్లు. ఆయిల్ ప్రెషర్ మీటరు, అంటే నూనె ఎంత ఒత్తిడితో తిరుగుతోందో చూపేది, దాని మీద సున్నా నుంచి పది దాకా ఉంది. పెట్టె మీద వాటిని బిగించే పద్ధతి ఆరు భాషల్లో రాసి ఉంది. మేం ఏ భాషలోనూ చదవలేదు.

ఆదివారం షాపు మూసి ఉన్నప్పుడు పని మొదలుపెట్టాం. ఏప్రిల్ ఎండ, కరెంటు లేదు. బండి కింద నేల పెనంలా ఉంది. నేను డ్యాష్‌బోర్డు కిందికి తల దూర్చి వైర్లు లాగాను. అక్కడే రేకు అంచు తగిలి బొటనవేలు కోసుకుంది, ముందే మాటిచ్చిన రక్తం అదే. ఇంజన్ వైపు పని నాన్న తీసుకున్నాడు. పాత లైట్ల తాలూకు సెన్సర్లు ఊడదీసి, కొత్త మీటర్లవి ఇంజన్‌లోకి మరతో బిగించాలి. ఒకటి నూనె ఉండే చోట, ఒకటి నీళ్లు తిరిగే చోట.

నాన్న చేతిలో మర పడిందంటే చూడాల్సిన దృశ్యం. జేబులోంచి తెల్ల టేపు తీశాడు. ప్లంబర్లు కుళాయి మరకు చుట్టే పల్చటి టేపు, మా ఇంట్లో ఉప్పు కన్నా ఎక్కువ ఖర్చయ్యేది. సెన్సర్‌ను ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో టేపును లాగి పట్టి, మర తిరిగే వైపే ఏడు చుట్లు చుట్టాడు. చివర బొటనవేలితో నొక్కి తెంపాడు. రెండో దానికీ అంతే. ఒక్క ముడత లేదు.

"చుక్క కారదు" అన్నాడు.

నిజంగానే కారలేదు. ఇద్దరం వంగి చూసి మెచ్చుకున్నాం. మా ఇంట్లో నేను పలక పట్టకముందే టేపు చుట్టడం నేర్చుకున్నాను. మర కనిపిస్తే చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్తుంది. అది తప్పని తోచడానికి మనసులో చోటే లేదు.

బ్యాటరీ మీటరు వెంటనే బాగా పనిచేసింది, దాని గురించి ఇక చెప్పడానికేం లేదు. ఇంజన్ వేయగానే ఆయిల్ ముల్లు వణికి, లేచి, మూడు దగ్గర ఆగింది. నాన్న దాన్ని చూసినంత ముద్దుగా నన్ను పదో తరగతి పాసైనప్పుడు కూడా చూడలేదు. వేడి ముల్లు కొంచెం కదిలి, అట్టడుగునే ఉండిపోయింది.

"బండి చల్లగా ఉంది" అన్నాడు నాన్న తృప్తిగా.

మొదటి వారం మూడు. రెండో వారం మంగళవారం నాడు నాన్న భోజనానికి వచ్చి, చేతులు కడుక్కుంటూ, "ఇవాళ రెండున్నర" అన్నాడు. మర్నాడు, "రెండు." అప్పట్నుంచి మా ఇంట్లో అదే వార్త. ఐసీయూలో ఉన్న మనిషి గురించి చెప్పినట్టు రోజూ ఒక అంకె. వేడి ముల్లు మాత్రం ఊటీలో ఉన్నట్టు కింద నుంచి లేవనే లేదు, బయట రోడ్డు మీద తారు కరుగుతున్నా సరే.

"నూనె ఒత్తిడి తగ్గుతోంది గానీ బండి చల్లగానే ఉందే" అన్నాడు నాన్న ఒక రోజు, ధైర్యం కూడగట్టుకుని.

అమ్మ పప్పు వడ్డిస్తూ, "పోయినవాళ్లు కూడా చల్లగానే ఉంటారు" అంది.

ఆ తర్వాత ఆ పూట ఎవరూ పచ్చడి అడగలేదు.

ఒక రోజు నేను కూడా బండెక్కాను. దిగాలంటే ఎలాగూ నాన్నే తలుపు తీయాలి. రేడియో ఆపేసి ఉంది. ఎందుకన్నాను. "ఇంజన్ వినాలి" అన్నాడు. నేరేడ్‌మెట్ దాకా మేమిద్దరం విన్నాం. వినడం మొదలుపెడితే పాత ఇంజన్‌లో లేని శబ్దం ఉండదు. ఎవరో లోపల గిన్నెలు సర్దుతున్నట్టు ఉంది, మధ్యలో ఒక చెంచా జారిపడినట్టు ఉంది, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఎవరో గొంతు సవరించుకున్నట్టు ఉంది. ముల్లు ఒకటిన్నర దగ్గర వణుకుతోంది. నాన్న రోడ్డును చూస్తున్నది తక్కువ, ముల్లును చూస్తున్నది ఎక్కువ. స్కూటీ మీద వెళ్తున్న ఒక అమ్మాయిని దాదాపు గుద్దబోయాడు. ఆమె ఏదో అంది. ఆయనకు వినపడలేదు, చెవి అంతా బోనెట్ లోపల ఉంది.

"మన మెకానిక్ ఉస్తాద్‌కి చూపిద్దాం నాన్నా."

"ఎందుకు? ఆయన చూస్తే విప్పుతానంటాడు. విప్పితే మీ అమ్మ మాట ప్రకారం బండి అమ్మేయడమే."

అది నేను ఊహించలేదు. లైట్లు ఉన్నప్పుడు నాన్నకు భయం లేదు, బండి ఉంది. మీటర్లు వచ్చాక భయం వచ్చింది. ఆ భయాన్ని తీసుకెళ్లి తెలిసినవాడికి చూపిస్తే బండి పోతుంది. కాబట్టి ఆయన రోజూ ఆ ముల్లు ఎదురుగా ఒంటరిగా కూర్చుని, అది పడిపోవడం చూస్తూ, పైపులు దించి వస్తున్నాడు. మూడున్నర గంటలు. అంతకన్నా షాపులో లీకేజీలే నయం కదా అన్నాను. "నోర్ముయ్యి" అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే నాకు నచ్చలేదు.

మే రెండో వారంలో, గాలిదుమారం లేచిన సాయంత్రం, ఆ రోజు రెండోసారి సరుకు దించి షాపు ముందుకు వస్తుండగా ముల్లు సున్నాకు వచ్చింది. నాన్న అక్కడే ఇంజన్ ఆపేశాడు. ఇంకో నాలుగడుగులు వేస్తే నీడలో ఆగేది, అవి కూడా వేయలేదు. నేనూ టైల్స్ షాపాయనా కలిసి తోసి చెట్టు కిందికి చేర్చాం. ఆకాశం పసుపు రంగుకు తిరిగింది, దుమ్ముకు మా షాపు బోర్డు ఊగుతోంది. నాన్న స్టీరింగ్ వదలకుండా లోపలే కూర్చున్నాడు. మహాకావ్యాల్లో ఇలాంటి చోట రథచక్రం కుంగిపోతుంది. ఇక్కడ మా బండి వెనక టైరు కింద ఎవరిదో చెప్పు ఇరుక్కుంది. దాన్ని తీయడానికి ఇంకోసారి తోయాల్సి వచ్చింది.

ఆ రాత్రి నాన్న ఎవరూ అడగకుండానే అన్నాడు: "పాత బండ్లు కొనే ఆయన్ని రమ్మన్నాను. పొద్దున్నే వస్తాడు."

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉంది. షరతు పెట్టింది ఆవిడే. గెలిచింది కూడా ఆవిడే. కానీ ఆవిడ ముఖం చూస్తే గెలిచినట్టు లేదు. "తొందరేముందండీ" అంది నెమ్మదిగా.

"పట్టేశాక అమ్మితే ఎవడూ తీసుకోడు. ఊపిరి ఉండగానే అప్పజెప్పాలి."

పొద్దున ఏడింటికి ఆయన వచ్చాడు. తెల్ల చొక్కా, మెత్తటి మాట, చేతిలో ఏ పనిముట్టూ లేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. అడుగులతో పొడవు కొలిచాడు. టైరును కాలితో తన్నలేదు, అరచేత్తో నిమిరాడు. తలుపు మీద చెయ్యి వేసి, "ఎన్ని దినాల సంది నడుపుతున్రు సేట్?" అని అడిగాడు.

"పద్నాలుగేళ్లు."

"మంచిగ చూస్కున్నరు." శవం దగ్గరకు వచ్చినవాళ్లు చెప్పే మాటే. "నాకేం తొందర లేదు. మంగళారం క్రేన్ తెస్త. గప్పటిదాక మీ సామాను గిట్ల ఏముంటే తీస్కోండ్రి."

ఆయన వెళ్లాక నాన్న బండిలోంచి సామాను తీయడం మొదలుపెట్టాడు. నీళ్ల బాటిల్, కళ్లజోడు డబ్బా, రేడియోకి అడ్డంగా పెట్టే అట్టముక్క, నేను రెండో తరగతిలో అంటించిన క్రికెటర్ స్టిక్కర్. దాన్ని గోరుతో గీకితే రాలేదు, వదిలేశాడు. అది మొదటిసారి నాకు జోకు తట్టని సందర్భం. తట్టింది కానీ చెప్పలేదు, అంతే.

అది ఆదివారం. సోమవారం మధ్యాహ్నం నాన్న ఎవరో ఇంట్లో లీకేజీ చూడడానికి వెళ్లాడు. నేను నేరేడ్‌మెట్ చౌరస్తా దాటాక ఉన్న మెకానిక్ షెడ్డుకు వెళ్లి, ఉస్తాద్‌ను నా స్కూటరు వెనక ఎక్కించుకుని తెచ్చాను. ఇంజన్ వేస్తే పట్టేస్తుందేమో, కాబట్టి బండి దగ్గరికి ఆయనే రావాలి. దారి పొడుగునా ఆయన ఒకటే అడిగాడు: "గింత పరేషాన్ ఐతుంటే నాకెందుకు చెప్పలే తమ్మీ?"

"మీరు ఇంజన్ విప్పుతారని నాన్నకు భయం."

"నాకేమన్న ఇంజన్లు విప్పే పిచ్చుందా?"

షాపు ముందు దిగాక ఆయన బోనెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే కడ్డీ తీసి గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి చూశాడు. నూనె నిండుగా ఉంది. "షురూ చెయ్" అన్నాడు.

"పట్టేస్తే?"

"పట్టేస్తే రేపు క్రేన్ వస్తది గద. ఏమైనా ఫరక్ పడతదా?"

నేను తాళం తిప్పాను. ముల్లు సున్నాలోనే పడి ఉంది. ఉస్తాద్ పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. అప్పుడే నాన్న వీధి చివర్నుంచి నడిచి వస్తూ కనిపించాడు. బండి శబ్దం విని, అడుగు వేగం పెంచి, మళ్లీ తగ్గించి, పది గజాల దూరంలో ఆగిపోయాడు. దగ్గరికి రాలేదు. ఆపరేషన్ గది బయట నిలబడేవాళ్లు అంత దూరంలోనే నిలబడతారు.

ఉస్తాద్ చాలాసేపు విన్నాడు. చోటు మార్చి మళ్లీ విన్నాడు. ఇంజన్ వేడెక్కేదాకా అలాగే ఉంచమన్నాడు. తర్వాత వచ్చి కిటికీలోంచి మీటర్లు చూశాడు. వేడి ముల్లు మామూలుగానే అట్టడుగున ఉంది. ఆయన వెళ్లి రేడియేటర్ గొట్టం పట్టుకుని, చెయ్యి లాగేసుకుని విదిలించాడు.

"గీ ముల్లేమో సల్లగున్నదంటది. నా చెయ్యి కాలింది. ఇద్దర్ల ఎవరో ఒకరు అబద్ధం చెప్తున్రు తమ్మీ."

"మీ చెయ్యి అబద్ధం చెప్పదు" అన్నాను.

"రెండు ముండ్లు ఒక్కతీరుగ కింద పడుకున్నయంటే బీమారు ఇంజన్‌ది కాదు, ముండ్లది. ఎవరు బిగించిన్రు?"

నేను చెయ్యెత్తాను. పది గజాల దూరంలో నాన్న కూడా కొంచెం ఎత్తాడు.

ఇంజన్ ఆపి, కొంచెం చల్లారనిచ్చి, ఉస్తాద్ ఆయిల్ సెన్సర్ ఊడదీశాడు. మర మీద నాన్న చుట్టిన ఏడు చుట్లూ అలాగే ఉన్నాయి, నూనెకు నానిపోయి లేత గోధుమ రంగుకు తిరిగాయి. ఆయన దాన్ని వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూశాడు.

"గిదేంది?"

"లీకు కాకుండా" అన్నాడు నాన్న, దగ్గరికి వస్తూ. మొదటిసారి ఆయన గొంతులో కొంచెం పొగరు వినిపించింది. "చుక్క కారలేదు."

"సేటూ, గిది నల్లా కాదు." ఉస్తాద్ నవ్వలేదు, పాఠం చెప్పే గొంతుతో అన్నాడు. "దీనికి ఒక్కటే వైరు. రెండో దారి గీ మరే. మర ఇనుముకు తాకితెనే ఎర్త్ దొరుకుతది. మీరు నడుమ గుడ్డ కట్టిన్రు. ఏదో మూల జెర తాకినన్ని దినాలు జెర చూపించింది. నూనె లోపటికి పోయి గది సుత బంద్ అయ్యింది." ఆయన నావైపు తిరిగాడు. "నువ్వు ఏం చదివినవ్ తమ్మీ?"

నేను నోరు తెరిచేలోపే నాన్న చెప్పాడు, పూర్తి వివరాలతో, కాలేజీ పేరుతో సహా, నాలుగేళ్లు అని ఒత్తి మరీ. ఎర్త్ అన్న మాట నా మొదటి సెమిస్టర్ మొదటి పాఠంలో ఉంది. నేను కావాలంటే ఆ పేజీ నంబరు కూడా చెప్పగలను. కానీ ఆ ఆదివారం నా ఎదురుగా టేపు ఉంది, మర ఉంది, నాన్న చేతులు ఉన్నాయి. అప్పుడు నేను ఇంజినీరును కాదు, కుళాయిల షాపు వాడి కొడుకుని.

ఉస్తాద్ టేపు అంతా గీకేసి, ఇనుప బ్రష్‌తో మర తోమి, వట్టి మరనే బిగించాడు. రెండోదీ అంతే. ఇంజన్ వేయగానే ఆయిల్ ముల్లు ఒక్క ఊపులో లేచి నాలుగు దాటి నిలబడింది. వేడి ముల్లు కూడా నెమ్మదిగా ఊటీ నుంచి దిగి సికింద్రాబాద్‌లో ఉండాల్సిన చోటికి వచ్చింది. నూనె చుక్క కూడా కారలేదు.

నాన్న సంతోషించాడని మీరనుకుంటారు. ఆయన చాలాసేపు ఆ ముల్లును అనుమానంగా చూశాడు. "ఇప్పుడు ఇది అబద్ధం చెప్తోందేమో" అన్నాడు. మూడు వారాలు చావు కబురు చెప్పినవాడు వచ్చి, పొరపాటైంది, మనిషి బాగానే ఉన్నాడంటే ఎలా నమ్మాలి? ఉస్తాద్ మళ్లీ చేత్తో గొట్టం ముట్టుకోబోయి మానేసి, నాన్న చేతిని పట్టుకుని పెట్టించాడు. నాన్న చెయ్యి లాగేసుకున్నాడు. అప్పుడు నమ్మాడు.

పాత బండ్లాయనకు ఫోన్ చేసి క్రేన్ వద్దని చెప్పాం. ఆయన ఏమీ అనుకోలేదు. "మంచిది సేట్. నంబర్ ఉంచుకోండ్రి" అన్నాడు, అదే మెత్తటి గొంతుతో. నాన్న ఫోన్ పెట్టేసి, కాసేపు దాన్ని బల్ల మీద బోర్లా పెట్టి ఉంచాడు.

అమ్మ షరతు ఇంకా ఉంది. ఇంజన్ విప్పలేదు కాబట్టి జూన్ దాకా ఆగుతానంది. పరీక్షలో తప్పిందా, ఇంక మాటల్లేవు. జూన్ మొదటి వారం, అద్దం మీద మొదటి చినుకులు పడుతుండగా, ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లాం. నాన్న కొత్త చొక్కా వేసుకున్నాడు. మీటర్ల అద్దాలు మూడూ తుడిచాడు. లైన్లో రెండు గంటలు నిలబడ్డాం. ముందున్న బండిని పక్కకు పెట్టించారు, దాని ముందున్న బండిని కూడా. నాన్న తుడిచిన మీటర్ల అద్దాలనే చేతి రుమాలుతో ఇంకోసారి తుడిచాడు. "అడిగితే మూడు మీటర్ల గురించీ నువ్వే చెప్పు" అన్నాడు నాతో. నేను మనసులో తయారు చేసుకున్నాను, ఎర్త్‌తో సహా.

తనిఖీ చేసేవాడు వచ్చాడు. మీటర్ల వైపు చూడలేదు. బోనెట్ ఎత్తమనలేదు. బ్రేకు, లైట్లు, పొగ చూశాడు, కాగితం మీద టిక్కులు పెట్టాడు. హారన్ కొట్టమన్నాడు. నాన్న ముందుగా స్టీరింగ్‌ను కుడికి తిప్పి కొట్టాడు, మోగింది. తర్వాత వైపర్లు వేయమన్నాడు. కుడిది తుడిచింది. ఎడమది అద్దం మీద చిరిగిన రబ్బరుతో గీతలు గీస్తూ, ఎవరో ఏడుస్తున్నట్టు చప్పుడు చేసింది.

"రబ్బర్ మార్చుకొని రాండ్రి" అన్నాడాయన. "మిగతాదంతా ఓకే."

రోడ్డవతలే దుకాణం ఉంది. మార్చుకుని వెళ్తే పావుగంటలో ఫిట్‌నెస్ కాగితం చేతికిచ్చాడు. నాన్న తిరుగు దారిలో రేడియో పెట్టాడు. ఇలాంటి బండి ఉన్నవాళ్లకు ఒక మాట: ఎడమ సీటు వైపర్‌కు పదహారు అంగుళాల రబ్బరు పడుతుంది. పద్దెనిమిది కొంటే అద్దం అంచుకు తగులుతుంది.